వీసా చేతికొచ్చాక దారిలో ఎదురయ్యే చిక్కులు

ట్రస్టు ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టుకునే పిల్లలు, వాళ్ళ పెద్దలు అడిగే ప్రశ్నలన్నీ సీటు గురించి, బ్యాంకు లోను గురించి, వీసా గురించే ఉంటాయి. వీసా వచ్చిన రోజున పిక్కిలిలో మిఠాయి పంచుతారు. ఆ తర్వాత కొండ మీది ఊరి నుండి విదేశంలోని కాలేజీ దాకా జరిగే ప్రయాణం గురించి ఎవరూ అడగరు. ఆ ప్రయాణంలోనే మా ఇంటి పిల్లవాడొకడు దెబ్బ తిన్నాడు కనుక ఈ విషయాలు రాస్తున్నాను.

మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. మన తమిళనాడు తెలుగువాళ్ళకు ఇంటిపేరు పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు తప్ప కాగితం మీదికి రాదు. తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా పెట్టుకుంటాం, అంతే. మా అక్క కొడుకు పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండేది. టికెట్టు తీసిన ఏజెంటు ఆ గడిలో ఇనిషియల్ రాశాడు. బెంగళూరు విమానాశ్రయంలో కౌంటరు దగ్గర రెండు పేర్లూ కలవలేదని ఆపేశారు. అర్ధరాత్రి ఏజెంటు ఫోను ఎత్తలేదు, విమానం వెళ్ళిపోయింది. మరుసటి రోజు కొత్త టికెట్టు కోసం అక్క తన మెడలోని గొలుసు కుదువ పెట్టింది. తప్పు ఒక్క అక్షరం.

పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే అమెరికా వీసాలో ఆ పేరును సర్‌నేమ్‌గా వేసి, అసలు పేరు ఉండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని వేస్తారు. పేరు తెలియదని దాని అర్థం. అది చూసి కంగారు పడనవసరం లేదు, కానీ టికెట్టు తీసే ముందు ఎయిర్‌లైన్స్ వారిని అడిగి ఆ ప్రకారమే రాయించాలి. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని 2022 నవంబర్‌లో యు.ఏ.ఇ. ప్రకటించింది. అన్నిటికన్నా మేలైన దారి, కాలేజీకి దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టును తిరిగి తీసుకుని, రెండు గడులూ నింపించుకోవడం. వీసా వచ్చాక మార్చాలంటే అన్ని కాగితాలూ మార్చాలి.

ఇక రోడ్డు. ధర్మపురి నుండి కృష్ణగిరి, హోసూరు మీదుగా బెంగళూరు దగ్గరే అనుకుంటాం. కానీ విమానాశ్రయం ఊరికి ఉత్తరాన దేవనహళ్ళి దగ్గరుంది. మనం దక్షిణం నుండి వెళ్తాం కాబట్టి నగరాన్నంతా దాటాలి. 2016 సెప్టెంబర్ 12న కావేరి గొడవల్లో బెంగళూరులో తమిళనాడు నంబరు బస్సులను తగలబెట్టారు. రెండు రాష్ట్రాల మధ్య బస్సులు ఆగిపోయి, జనం పెట్టెలు మోసుకుంటూ అత్తిబెలె దగ్గర సరిహద్దును నడిచి దాటారు. చెన్నై నుండి వెళ్దామన్నా, 2015 డిసెంబర్ వరదల్లో ఆ విమానాశ్రయమే కొన్ని రోజులు మూతపడింది. ఇలాంటివి రోజూ జరగవు. అయినా కాలేజీ మొదలయ్యే రోజుకు ఒక్క రోజు ముందు చేరేటట్టు టికెట్టు తీసుకోవడం మంచిది కాదు. అమెరికా స్టూడెంట్ వీసా మీద ఐ-20లో రాసిన తేదీకి 30 రోజుల ముందు నుండే వెళ్ళవచ్చు. అంతకన్నా ముందు వెళ్తే అక్కడ ఆపుతారు.

తల్లిదండ్రులు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. వీసా అంటే ఆ దేశం తలుపు దాకా వెళ్ళడానికి అనుమతి మాత్రమే. తలుపు తీసేది అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారి. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని రెండు యూనివర్సిటీలకు బయలుదేరిన మన తెలుగు విద్యార్థులను శాన్‌ఫ్రాన్సిస్కో నుండి తిప్పి పంపారు. ఆ వెంటనే హైదరాబాద్‌లో 19 మంది విద్యార్థులను ఎయిర్ ఇండియా విమానమే ఎక్కనివ్వలేదు. ఆ యూనివర్సిటీలు పరిశీలనలో ఉన్నాయని అమెరికా నుండి సమాచారం వచ్చిందని ఎయిర్ ఇండియా చెప్పింది. తమ మీద నిషేధమేమీ లేదని యూనివర్సిటీలు అన్నాయి. విద్యార్థులు చెప్పిన సమాధానాలు వాళ్ళ వీసాకు పొసగలేదని అమెరికా అధికారులు చెప్పారు. ఎవరి మాట ఎలా ఉన్నా, అప్పు చేసిన తల్లిదండ్రులకు మిగిలింది మాత్రం తిరిగొచ్చిన పెట్టె. 2023 ఆగస్టులోనూ ఒకే రోజు 21 మంది భారతీయ విద్యార్థులను అమెరికా నుండి వెనక్కి పంపారు.

అధికారి అడిగేవి చిన్న ప్రశ్నలే. ఏ కోర్సు, ఎక్కడ ఉంటావు, ఫీజు ఎవరు కడుతున్నారు. కన్సల్టెన్సీ వాళ్ళు నేర్పిన జవాబు అప్పజెప్పవద్దు. లోను కాగితంలో ఎంత ఉందో పిల్లవాడికే తెలియకపోతే అనుమానం సహజం. ఫోనులోని మెసేజీలు కూడా చూసే అధికారం వాళ్ళకుంది. "పార్ట్‌టైమ్ ఉద్యోగం చూసి పెట్టు మామా" అని రాసిన ఒక్క మెసేజీ చాలు. అడ్మిషన్ లెటరు, ఐ-20, ఫీజు రశీదు, లోను పత్రం, ఇవన్నీ చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే అధికారి అడిగినప్పుడు ఆ పెట్టె మీ దగ్గర ఉండదు. అబూదాబి మీదుగా వెళ్ళేవారికి అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. కాబట్టి ఆ మజిలీలో రెండు విమానాల మధ్య తగినంత సమయం ఉండాలి.

చవకగా వస్తుందని రెండు విడివిడి టికెట్లు తీసుకునేవారున్నారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, విడి టికెట్టు కనుక రెండో ఎయిర్‌లైన్స్‌కు బాధ్యత ఉండదు. పైగా మధ్యలో దిగి సామాను తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, దానికి ఆ దేశపు వీసా అవసరం కావచ్చు. ఒకే టికెట్టయితే తర్వాతి విమానానికి ఎక్కించవలసింది వాళ్ళే. సామాను రాకపోతే విమానాశ్రయం వదిలే ముందే కౌంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోవాలి.

అమ్మలకు ఒక మాట. నూనె ఊరగాయ చేతి సంచిలో వద్దు. ఎండు కొబ్బరి అసలే వద్దు, దాన్ని తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుగా లెక్కిస్తారు. పచ్చి కరివేపాకును అమెరికాలో తీసి పారేస్తారు. రాగిపిండి పంపాలనుకుంటే ఇంట్లో విసిరింది కాకుండా, పేరు ముద్రించిన సీలు ప్యాకెట్టు కొని పెట్టండి. ఫారంలో అడిగినచోట తిండి వస్తువులున్నాయని రాయాలి, దాచితే జరిమానా పడుతుంది. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

చివరగా తేదీ. టికెట్టు మీద 15వ తేదీ 00:40 అని ఉంటే 14వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 15న సాయంత్రం బయలుదేరుదామనుకున్న కుటుంబం నాకు తెలుసు. అలాంటి విమానానికి పిక్కిలి నుండి 14న మధ్యాహ్నం భోజనం కాగానే కొండ దిగాలి.