బేగంపేటలో మిగిలిన ఆ చివరి దోమ

ఆగస్టు 20 దోమల దినం కదా, ముఖచిత్ర కథనం ఇవ్వమన్నారు ఎడిటర్ గారు. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. డెంగీ కేసుల లెక్కలు, డాక్టర్ల సలహాలు... వానాకాలం కథనాలకు అలవాటైన దారి ఉండనే ఉంది. కానీ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో రాసుకున్న నోటుపుస్తకం సంగతులు చదివాక నా ధ్యాస ఇక అటు మళ్లలేదు. మధురానగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాటగానే వచ్చేది బేగంపేట. ఆ పుటలు నిండింది అక్కడే.

వెనకటి కథ క్లుప్తంగా చెబుతాను. రాస్ అల్మోరాలో పుట్టిన సైనిక వైద్యుడు. మలేరియా పరాన్నజీవిని రోగి రక్తంలో లావెరాన్ 1880లోనే చూశారు. దాన్ని మనిషి ఒంట్లోంచి బయటికి తెచ్చేది దోమేనని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఊహించారు. ఆ ఊహను నమ్ముకుని రాస్ 1895 నుంచి సికింద్రాబాద్‌లో దోమల్ని కోస్తూ కూర్చున్నారు. బూడిదరంగువి, చారలవి, దొరికినవన్నీ కోశారు. ఫలితం సున్నా.

1897 ఆగస్టు నడుమ పనివాళ్లు తెచ్చిన లార్వాలకు రెక్కలొచ్చాక చూస్తే ఈ దోమల తీరు వేరు. రెక్కల మీద మచ్చలు. వాలితే తోక పైకెత్తి కూర్చుంటాయి. 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిని లోపలికి వదిలారు. ఆయన రక్తంలో నెలవంక ఆకారపు పరాన్నజీవులున్నాయి. పది దోమలు కుట్టాయి. దోమకు అణా చొప్పున పది అణాలు ఆయన చేతిలో పెట్టారు.

తర్వాతి రోజుల్లో కొన్ని దోమలు చచ్చాయి, కొన్నిటిని కోసినా ఏమీ దొరకలేదు. 20వ తేదీకి రెండే మిగిలాయి. ఉక్కపోస్తున్నా పంకా లాగనివ్వలేదు రాస్. గాలి తగిలితే దోమలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోపు స్క్రూలు తుప్పుపట్టాయి, కంటి దగ్గరి కటకం పగిలింది. మధ్యాహ్నం ఒంటిగంట వేళ ఒకదాన్ని కోశారు. పొట్ట గోడలో గుండ్రటి కణం కనిపించింది, అడ్డంగా 12 మైక్రాన్లు ఉంటుంది. లోపల నల్లటి గింజలు. అచ్చం మలేరియా పరాన్నజీవిలో ఉండే గింజల్లాంటివే. బొమ్మ గీసుకుని, స్లైడు భద్రపరిచి, ఇంటికెళ్లి టీ తాగి గంటసేపు పడుకున్నారు.

లేచాక ఆయనకు తట్టిన ఆలోచనే నా దృష్టిలో ఈ కథకు ప్రాణం. అవి పరాన్నజీవులే అయితే రేపటికి పెరిగి ఉండాలి. ఉన్నది ఒక్క దోమ. తెల్లారేలోగా అదీ చచ్చిపోతే? చావలేదు. 21న కోస్తే అవే కణాలు, నిన్నటికంటే పెద్దవిగా కనిపించాయి. కుట్టిన నాలుగో రోజు చిన్నవి, అయిదో రోజు పెద్దవి. అంటే దోమ లోపల ఏదో బతుకుతోంది, ఎదుగుతోంది. రెండే దోమలతో, పగిలిన అద్దంతో ఇంత గట్టి పరీక్షా! లోకం 20వ తేదీని పండగ చేసుకుంటుంది. నేనైతే 21కే ఓటేస్తాను.

ఆ డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన వ్యాసం శీర్షికలోనూ రాస్ చెప్పుకున్నది రెండు దోమల సంగతే. మలేరియా గుట్టంతా బేగంపేటలోనే వీడిందనడం నాకు అతిశయోక్తిగానే తోస్తుంది. ఇక్కణ్నుంచి ఆయన్ను రాజపుతానాకు బదిలీ చేశారు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కాటుతో మళ్లీ ఒంట్లోకి వెళ్తుందని 1898లో కలకత్తాలో పక్షుల మీద తేల్చారు. మనుషుల్లో మలేరియాను మోసేది అనాఫిలిస్ అని రుజువు చేసింది ఇటలీలో గ్రాసీ బృందం. రాస్‌కు నోబెల్ 1902లో వచ్చింది.

బేగంపేట భవనానికి, నల్లకుంట కోరంటి ఆస్పత్రికి రాస్ పేరు పెట్టుకున్నాం. మంచిదే. జ్వరంతో ఉండి కూడా పది దోమలకు ఒళ్లప్పగించిన హుసేన్ ఖాన్ పేరు కూడా ఆ పక్కనే చెక్కాలి. ఆయన రక్తం లేకపోతే ఆ కణమే లేదు.

భీమవరం బిడ్డ మందు
దోమ రోగాన్ని మోస్తుందన్న మాన్సన్ ఊహకు మూలం బోదకాలు. ఆ పురుగు దోమలో పెరుగుతుందని ఆయన 1877లో చైనాలో చూశారు. అదే జబ్బుకు డీఈసీ మాత్రను ఇచ్చింది అమెరికాలోని లెడర్లీలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన. మన పల్లెల్లో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర అదే.

మన గల్లీలో దోమ
డెంగీని మోసే ఈడిస్ పగలే కుడుతుంది, మురుగుకన్నా మంచినీళ్లనే ఎక్కువగా వెతుక్కుంటుంది. కూలర్లు, పూలకుండీల కింద పళ్లేలు, మేడ మీది పాత టైర్లు దానికి చాలు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి వచ్చి తగ్గినవారికి వేరే రకం సోకితే ముదిరే ప్రమాదం ఎక్కువ. ఈడిస్ గుడ్లు పాత్ర గోడకు అంటుకుని నీళ్లు లేకుండానే నెలల తరబడి బతుకుతాయి. అందుకే కూలర్‌లో నీళ్లు పారబోస్తే సరిపోదు, వారానికోసారి లోపలి గోడలు పీచుతో గట్టిగా తోమాలి.