డబ్బు పెట్టినా దొరకని కోడి!

అమెరికాలో టర్కీ కోడి దొరకని సూపర్‌మార్కెట్ ఉండదు. కానీ అడవిలో వేటాడిన టర్కీ మాంసాన్ని మాత్రం ఏ దుకాణంలోనూ అమ్మరు. అది తినాలంటే తెల్లారకముందే లేవాలి, అడవికి వెళ్లాలి, చెట్టు కింద కదలకుండా కూర్చోవాలి. అప్పటికీ దొరుకుతుందన్న నమ్మకం లేదు! ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్న ఆ పక్షి మళ్లీ లక్షల్లోకి చేరడం వెనక ఆ 'అమ్మకూడదు' అన్న నియమం కూడా ఉంది.

ఏప్రిల్ నెల. అమెరికా నడిబొడ్డున ఉన్న మిస్సోరీ రాష్ట్రంలో ఓక్ చెట్ల అడవి. ఇంకా చీకటి విడిపోలేదు. ఓ చెట్టు మొదట్లో ఆకుల రంగు దుస్తులేసుకుని, మొహానికి ముసుగు కట్టుకుని, ఒళ్లో తుపాకీ పెట్టుకుని కూర్చున్నాడో వేటగాడు. ఎక్కడో గుడ్లగూబ అరిచింది. ఆ వెంటనే దూరంగా ఓ చెట్టు కొమ్మ మీంచి 'గాబుల్... గాబుల్...' అంటూ కూత. టర్కీ పుంజు నిద్రలేచింది!

వేటగాడు మెల్లగా సంచిలోంచి చిన్న చెక్కపెట్టె తీస్తాడు. దాని మూతను పెట్టె అంచుకు రాస్తే అచ్చం టర్కీ పెట్ట పిలిచినట్టే ఉంటుంది. పలకరాయి మీద పుల్లతో గీసే పరికరాలూ, అంగిలికి ఆనించుకుని ఊదే రబ్బరు పొరలూ కూడా ఉన్నాయి. ఏది వాడినా ఉద్దేశం ఒక్కటే... 'ఇక్కడో పెట్ట ఉంది, రా' అని పుంజుకు కబురంపడం.

చెప్పినంత సులువు కాదది. మామూలుగా పుంజు పెట్టను వెతుక్కుంటూ వెళ్లదు. అది కూత పెట్టి, నెమలిలా పురివిప్పి నిలబడితే పెట్టలే దాని దగ్గరికి వస్తాయి. వేటగాడు కోరుతున్నది దానికి పూర్తిగా రివర్సు. అందుకే పుంజు ఓ పట్టాన కదలదు. పిలిచినప్పుడల్లా పలుకుతుంది కానీ ముందుకు అడుగు వేయదు. ఒక్కోసారి గంటలు గడిచిపోతాయి. టర్కీకి వాసన పసిగట్టే శక్తి తక్కువే. చూపు మాత్రం మహా చురుకు. దోమ కుట్టిందని చెయ్యి విదిలిస్తే చాలు, మరుక్షణం మాయం! నేలమీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. గాల్లోకి లేచిందంటే కాసేపు 80 కిలోమీటర్ల వేగాన్నీ అందుకుంటుంది. ఉత్త చేతులతో ఇంటికి తిరిగిరావడం ఈ వేటలో మామూలే.

ప్రమాదమూ తక్కువేం కాదు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. పొదల మధ్య ఆ రంగు చొక్కానో జేబురుమాలో కనిపిస్తే మరో వేటగాడు పక్షి అనుకుని కాల్చే అవకాశం ఉంది. అందుకే ఆ మూడు రంగులూ ఒంటిమీద ఉండకూడదనీ, భుజాలకన్నా వెడల్పైన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలనీ, పక్షిని స్పష్టంగా చూడనిదే ట్రిగ్గర్ ముట్టుకోకూడదనీ శిక్షణలోనే నూరిపోస్తారు.

ఇక నియమాల సంగతి. లైసెన్సు ఉండాలి. ప్రభుత్వం చెప్పిన రోజుల్లోనే వేటాడాలి. వసంతకాలంలో అయితే రొమ్ముమీద వెంట్రుకల కుచ్చులా 'గడ్డం' వేలాడే పక్షినే కాల్చాలి. అంటే దాదాపుగా పుంజుల్నే. ఒక పుంజు ఎన్నో పెట్టలతో జతకడుతుంది కాబట్టి కొన్ని పుంజులు పోయినా సంతతికి లోటు రాదన్నది లెక్క. చాలా రాష్ట్రాల్లో చేతికి చిక్కిన పక్షికి చీటీ కట్టి, ఫలానా చోట వేటాడామని అధికారులకు తెలియజేయాలి.

మనకు ఇదంతా వింతగానే అనిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మనదేశంలో వేట నేరమైంది. పక్షిని కాపాడాలంటే తుపాకీ దించాలన్నది మనకు తెలిసిన దారి. మరి వేటాడుతూనే కాపాడటం ఎలా సాధ్యమైంది?

పండగ మిగిలింది... పక్షి పోయింది!

1621లో ప్లిమత్‌లోని ఇంగ్లిష్ వలసదారులు తొలి పంట చేతికొచ్చాక, స్థానిక వాంపనోగ్ తెగవారితో కలిసి విందు చేసుకున్నారు. అమెరికన్లు ఏటా నవంబరులో జరుపుకునే థ్యాంక్స్‌గివింగ్ పండగకు అదే మూలమంటారు. ఆ ఏడాది అడవి టర్కీలు పుష్కలంగా దొరికాయని ప్లిమత్ గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ రాసిపెట్టాడు. ఆ పుష్కలమే కొంప ముంచింది. ఎన్ని తిన్నా తరగవనుకున్నారు. పొలాల కోసం అడవుల్ని నరికేశారు. ఏడాది పొడవునా కాల్చి, పట్టణాల్లోని బజార్లలో అమ్మేశారు.

ప్లిమత్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో చివరి అడవి టర్కీ కనిపించింది 1851లో. అబ్రహాం లింకన్ 1863లో థ్యాంక్స్‌గివింగ్‌ను జాతీయ పండగగా ప్రకటించేనాటికి, ఆ పండగ పుట్టిన గడ్డమీద అడవి టర్కీయే లేదు! ఒకప్పుడు 39 రాష్ట్రాల్లో తిరిగిన ఈ పక్షి 1920 నాటికి 18 రాష్ట్రాల్లో పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

వల పడింది... వంశం నిలిచింది

మొదట బజారుకు కళ్లెం వేశారు. అక్రమంగా వేటాడిన పక్షుల్నీ జంతువుల్నీ ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించి అమ్మడాన్ని 1900 నాటి లేసీ చట్టం నేరంగా ప్రకటించింది. రాష్ట్రాలూ వేట మాంసం అమ్మకాన్ని నిషేధిస్తూ వచ్చాయి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. వేట తుపాకులు, తూటాల మీద వేసే పన్నును అడవి జీవుల సంరక్షణకే ఖర్చుపెట్టాలన్నది దాని సారాంశం. అంటే, తూటా కొన్న ప్రతివాడూ పక్షిని పెంచడానికీ డబ్బు కట్టాల్సిందే!

డబ్బైతే వచ్చింది కానీ పక్షిని పెంచడం ఎవరికీ తెలీదు. ఫారాల్లో పిల్లల్ని పొదిగించి అడవిలో వదిలారు. నక్కను చూసి ఎలా పారిపోవాలో, రాత్రిళ్లు ఏ కొమ్మమీద పడుకోవాలో నేర్పే తల్లి లేకపోవడంతో అవి నిలవలేదు. చివరికి నీటిపక్షుల్ని పట్టే ఓ పద్ధతి అక్కరకొచ్చింది. గింజలు చల్లి, టర్కీలు గుమిగూడగానే చిన్న ఫిరంగుల్లాంటి గొట్టాలతో వాటిమీదకి వల విసరడం! 1951లో సౌత్ కరోలినాలో ఈ పద్ధతితో టర్కీలను పట్టారు. అలా ప్రాణాలతో పట్టుకున్న అసలైన అడవి పక్షుల్ని అవి లేని చోట్ల వదలడం మొదలైంది.

ఫలితం అద్భుతం. మిస్సోరీలో 1960లో మళ్లీ వేటకు అనుమతి ఇచ్చే స్థాయికి చేరాయి. మసాచుసెట్స్ అధికారులు 1972-73ల్లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చి వదిలింది కేవలం 37 పక్షుల్ని. ఇప్పుడక్కడ పాతిక వేలకు పైగా ఉన్నాయి. బోస్టన్ శివార్లలో రోడ్లమీద కార్లకు అడ్డంగా నిలబడి పురివిప్పుతున్నాయి కూడా! దేశం మొత్తమ్మీద 2000 తర్వాత వాటి సంఖ్య 60 లక్షలు దాటింది.

అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో మళ్లీ తగ్గుముఖం పట్టాయి. పెట్ట నేలమీదే గూడు కట్టి పది పన్నెండు గుడ్లు పెడుతుంది. 28 రోజులు పొదగాలి. దాక్కోవడానికి గడ్డీ పొదా లేకపోతే పాములూ, నక్కలూ, రకూన్లూ గుడ్లను మిగలనివ్వవు. పిల్లల సంఖ్య తగ్గడంతో రాష్ట్రాలు మళ్లీ పగ్గాలు బిగించాయి. జార్జియా 2022లో వేట మొదలయ్యే తేదీని వెనక్కి జరిపి, ఒక్కొక్కరికి మూడు పుంజుల పరిమితిని రెండుకు తగ్గించింది.

అచ్చం మన నాటుకోడిలాగే

పక్షి చేతికొచ్చాక సగం పనే అయినట్టు. మిగతా సగం వంటింట్లో! మాల్‌లో కొన్న టర్కీకీ దీనికీ తేడా తెలియాలంటే మన బ్రాయిలర్‌నీ నాటుకోడినీ తలచుకుంటే సరి. ఫారం టర్కీలను రొమ్ము కండ కోసమే పెంచుతారు. ఆ బరువుకి అవి ఎగరలేవు, సహజంగా జతకట్టనూ లేవు. అడవి పుంజు పగలంతా నడుస్తుంది. కొవ్వు తక్కువ, కండ గట్టి, రంగు ముదురు, రుచి ఎక్కువ. పండగ టర్కీలా మొత్తంగా ఓవెన్‌లో పెట్టేస్తే కాళ్లు ఉడికేలోపు రొమ్ము పీచుపీచుగా ఎండిపోతుంది.

అందుకే అనుభవజ్ఞులు రొమ్మునీ కాళ్లనీ విడదీస్తారు. వేటాడగానే పేగులు తీసి, మాంసాన్ని చల్లబరచడం మొదటిపని. తర్వాత నాలుగు లీటర్ల నీళ్లలో కప్పు ఉప్పు కరిగించి, రొమ్ము ముక్కల్ని రాత్రంతా ఫ్రిజ్‌లో నాననిస్తారు. దాంతో ఉప్పు లోపలికి పట్టడమే కాదు, ఉడికేటప్పుడు తడి ఆరిపోకుండా ఉంటుంది. పొద్దున్నే కండ పోగుకు అడ్డంగా పల్చగా కోసి, కాస్త చితక్కొట్టి, గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడి అద్ది వేయిస్తారు. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే దించేయాలి. ఆ తర్వాత పొయ్యిమీద ఉంచితే గట్టిపడుతుంది.

కాళ్లు మాత్రం తొందరపడితే లొంగవు. వాటి నిండా గట్టి నరాలే. ఉల్లి, వెల్లుల్లి, క్యారట్ వేసి, ముక్కలు మునిగేదాకా నీళ్లు పోసి, సన్నని సెగమీద మూడు నాలుగు గంటలు ఉడికించాలి. అప్పుడు మాంసం ఎముక నుంచి దానంతటదే విడిపోతుంది. కందనకాయ, కార్జం, గుండె గ్రేవీలోకి వెళ్తాయి. ఎముకలతో సూప్ కాస్తారు.

వడ్డించేముందు మరో జాగ్రత్త. మాంసంలో తుపాకీ గుండ్లు ఇరుక్కుని ఉండొచ్చు. పంటికి తగిలితే పన్ను విరుగుతుంది. సీసం గుండ్లయితే ఒంటికీ, ముఖ్యంగా పిల్లలకు హాని. అందుకే గుండు తగిలిన చోట మాంసాన్ని కోసి పారేస్తారు. కొందరు ఖర్చెక్కువైనా టంగ్‌స్టన్ గుండ్లు వాడుతున్నారు.

ఇంత శ్రమపడి వండిన కూరను ఇరుగుపొరుగుకి పంచవచ్చు, స్నేహితులకు విందు ఇవ్వవచ్చు. అమ్మడం మాత్రం కుదరదు. కాబట్టి అడవి టర్కీ రుచి చూడాలంటే రెండే దారులు... వేటాడటమైనా రావాలి, వేటగాడితో స్నేహమైనా ఉండాలి!

ఎవరి కోడి?

టర్కీ కోడి పుట్టిల్లు అమెరికా ఖండం. దాన్ని మొదట మచ్చిక చేసిన వాళ్లలో మెక్సికో ప్రాంత ప్రజలున్నారు. స్పెయిన్ వాళ్లు ఐరోపాకు తీసుకెళ్లారు. ఇంగ్లిష్‌వాళ్లు దానికి టర్కీ దేశం పేరు పెడితే, టర్కీ దేశస్థులేమో 'హిందీ' అన్నారు. అంటే ఇండియా కోడి! ఫ్రెంచివాళ్లు పిలిచే 'దాండ్' అన్న పేరుకు మూలమూ ఇండియానే. పోర్చుగీసువాళ్లు 'పెరూ' అన్నారు. నిజానికి మనదేశానికి అది విదేశీ అతిథే. 1612లో గోవా నుంచి వచ్చిన టర్కీని చూసి ముచ్చటపడిన మొఘల్ చక్రవర్తి జహంగీర్, దాని బొమ్మ గీయించాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ వేసిన టర్కీ చిత్రం ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.