బొమ్మల గదిలో ఒక మౌల్వీ

బొమ్మల ప్రదర్శన చూడడానికి నేను వెళ్లానంటే మదరసాలో నాతో కలిసి చదివినవాళ్లు నమ్మరు. మా కర్నూలులో ఒక సాంస్కృతిక కేంద్రంవారు గత నెలలో స్థానిక చిత్రకారుల చిత్రాలు పెట్టారు. "అబ్బా, అందులో ఖత్తాతీ కూడా ఉందట, ఒకసారి చూసి వద్దాం" అని మా అమ్మాయి రెండు రోజులు పోరింది. శుక్రవారం జుమా నమాజు ముగించుకుని, భోజనం చేసి బయలుదేరాం.

చిత్రలేఖనం పట్ల మన ఇళ్లలో ఉన్న సంకోచం పాఠకులకు తెలియనిది కాదు. ప్రాణమున్నవాటి రూపాలు గీయడాన్ని హదీసులు గట్టిగా వారించాయి. ఫోటోల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి, ఆ చర్చకు ఇది చోటు కాదు. బొమ్మలు వేసి బతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. హెచ్చరిక వినగానే ఆ మనిషి ముఖం పాలిపోయింది. అది చూసిన ఇబ్నె అబ్బాస్, తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేనివాటిని వేసుకోమని దారి చూపారు. ఈ ఉల్లేఖనాన్ని నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా హెచ్చరిక దగ్గరే ఆగేవాణ్ణి. పాలిపోయిన ఆ ముఖం దాకా వెళ్లేవాణ్ణి కాదు.

గదిలో ముందుగా కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి గుమ్మటాలు. బాగానే ఉన్నాయి గాని, ఆకాశం మరీ నీలం. ఆ పక్కన పెద్ద కాన్వాసు మీద బంగారు రంగులో 'రహ్మత్' అనే ఒక్క మాట. దగ్గరికి వెళ్లి చూద్దును గదా, 'రే' అక్షరం నెత్తిన రంగు చుక్క ఒకటి చింది ఉంది. ఉర్దూలో అక్కడ చుక్క పడితే 'రే' కాస్తా 'జే' అవుతుంది, కారుణ్యమనే మాట కష్టమనే మాటగా మారుతుంది. రహ్మత్ జహ్మత్ అయిందన్నమాట! ఆ చిత్రకారుడికి ఉర్దూ రాదు, అచ్చు చూసి దించాడు. సంగతి చెవిలో చెబితే కంగారుపడి, గోటితో ఆ చుక్కను గీకేశాడు.

నవ్వుకుంటూ పక్కకు తిరిగేసరికి నా నవ్వు ఆగిపోయింది.

నీటిరంగుల చిత్రమది. ఒక మిద్దె, పిట్టగోడ పొడవునా విప్పి ఆరబెట్టిన పుస్తకాలు, అన్నిటి అంచులకూ ఎండిన బురద. వాటి మధ్య ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. వీపు తప్ప మరేమీ కనబడదు. కింద '2009' అని ఉంది. మా ఊరివాళ్లకు అంతకు మించి చెప్పనక్కర్లేదు.

2009 అక్టోబరు 2 కూడా శుక్రవారమే. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టం దాటిపోయింది, నీళ్లు వెనక్కి తన్నాయి. ఆ రోజు మా పేటలో జుమా లేదు. ఎదురింటి మిద్దె మీద జుహర్ చదువుకున్నాం. నీళ్లు తీశాక ఇంట్లోకి వెళితే అల్మారా బోర్లా పడి ఉంది. అందులో నా మష్ఖ్ కాపీలున్నాయి. మదరసాలో ఉస్తాద్ ముందు కూర్చుని నాలుగేళ్లు సాధన చేసిన రాత అది. నస్తాలీఖ్‌లో అలిఫ్ మూడు చుక్కల ఎత్తుండాలి. ఆ మూడు చుక్కలూ కుదరడానికే నాకు ఒక చలికాలం పట్టింది. అచ్చు పుస్తకాలు తడిసినా అక్షరాలు నిలిచాయి. దీపపు మసి సిరాతో నేను రాసినదాంట్లో ఒక్క పేజీ మిగల్లేదు. చదవడానికి వీల్లేకుండా పోయిన ఖుర్‌ఆన్ ప్రతులను అదబ్‌తో పాతిపెట్టాం. మిగతావి నేనూ అలాగే మిద్దె మీద ఆరబెట్టాను.

ఆ బొమ్మ వేసినామె అక్కడే ఉంది. వరదనాటికి బడికి వెళ్లే పిల్లట. "అవి మా నాన్న దుకాణం లెక్కల పుస్తకాలు సార్" అంది. ముఖం ఎందుకు వేయలేదమ్మా అని అడిగాను, మా షరీఅత్ సంగతి మనసులో పెట్టుకునే.

"ఆ రోజు ఆయన మా వైపు తిరగలేదు సార్."

ఆ మాట విని బయటికొచ్చి వరండాలో కూర్చున్నాను. మా అమ్మాయి వరదను తలచుకుంటున్నాననుకుంది. నాకు గుర్తొచ్చింది వేరొకటి. 2004 ప్రాంతంలో నా తరగతిలో ఒక పిల్లవాడు లెక్కల నోట్సు వెనక పేజీలో కోడిపుంజును వేశాడు. తోక ఈకలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు. ఆ పేజీ చించేశాను. అంతటితో ఊరుకోక అందరి ముందూ నిలబెట్టాను. చెట్టు వేసుకో బేటా, అన్న ఒక్క మాట నా నోట రాలేదు. ఆ వేసవి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. తండ్రి లారీ పని మీద కుటుంబాన్ని వేరే ఊరికి తీసుకెళ్లాడని విన్నాను. అదే కారణం కావచ్చు. వాడి ముఖం ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. కోడిపుంజు తోక మాత్రం అలాగే ఉంది.

ఇంటికి వచ్చాక వెదురు పుల్ల చెక్కి కలం చేసుకున్నాను. వరద తర్వాత మళ్లీ పట్టింది ఇదే. పాత క్యాలెండరు వెనక అలిఫ్ రాసి, పక్కన చుక్కలు పెట్టి కొలిచాను. మూడున్నర వచ్చింది.