నల్లమల తీర్థములు

తెలుగునాట ‘తీర్థము’ అను మాటకు ఎన్ని అర్థములో చూడుడు. గుడిలో అర్చకుడు చేతిలో పోసెడి ఉద్ధరిణెడు నీరు తీర్థము. నదిలోనికి దిగెడి రేవు తీర్థము. ఊరివారందరు బండ్లు కట్టుకొని పోయెడి ఉత్సవము తీర్థము. దేవుని దర్శింప బయలుదేరిన ప్రయాణము తీర్థయాత్ర. ఇన్నింటను నీటి తలపు ఉన్నది. దేవుని చూడబోవుటకు నీటి పేరు ఏల వచ్చినది? నంద్యాల జిల్లాలోని నల్లమల అడవిలో తిరిగినవారికి ఈ ప్రశ్నకు సమాధానము తేటగా దొరకును. ఆ అడవిలోని క్షేత్రములను గూర్చి, వాటిని నిలిపిన నీటిని గూర్చి ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి విడివడి ఏర్పడినది. దానికి పడమట కుందూనది పారెడి మైదానము, తూర్పున నల్లమల కొండలు ఉన్నవి. తూర్పు కనుమలలో చేరిన ఈ కొండలు కృష్ణా పెన్నా నదుల నడుమ ఉత్తర దక్షిణములుగా బారులు తీరినవి. టేకు, నల్లమద్ది, వేగిస, వెదురు ఇందు విరివిగా పెరుగును. ఎండకాలమున ఆకు రాలి అడవి అంతయు బోసిపోవును. తొలకరి పడినంతనే పచ్చబడును.

ఈ కొండలలో రాతిపొరలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. ఒక పొర గట్టి రాయి. అది పగుళ్లు బారి యుండును. మరియొక పొర పలకరాయి. అది నీటిని తేలికగా దిగనీయదు. వాన కురిసినప్పుడు చెట్ల ఆకులు దాని వేగమును తగ్గించును. రాలిన ఆకుల పరుపు, వేళ్ల అల్లిక ఆ నీటిని పట్టి యుంచి మెల్లమెల్లగా నేలలోనికి వదలును. అది పగుళ్ల వెంట దిగి, పలకరాయి అడ్డు తగిలినచోట దారి మార్చుకొని, లోయలోనో కొండపాదముననో ఊటయై వెలికి వచ్చును. వాన కొన్ని నెలలే కురిసినను కొన్ని ఊటలు ఏడాది పొడుగునను పారుటకు కారణమిదియే. వేసవిలో అడవి నడచువానికి అట్టి ఊట కంటబడినప్పుడు ప్రాణము లేచి వచ్చును. అచ్చట ఒక రాయి నిలిపి మ్రొక్కుటలో ఆశ్చర్యమేమున్నది?

శ్రీశైలమునకు నేడు దోర్నాల మీదుగా బస్సులు పోవుచున్నవి. ఘాటురోడ్డు లేని కాలమున యాత్రికులు అడవిదారినే నడచిరి. 13వ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములోని పర్వత ప్రకరణమున అట్టి యాత్రికులను విస్తారముగా వర్ణించెను. నేటికిని శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు కాలినడకనే పోవుదురు. ఉగాది నడకలో కన్నడదేశీయులు ఎక్కువ. వారు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగాను, మల్లికార్జునుని తమ అల్లునిగాను భావింతురు. ఆత్మకూరు దాటి వెంకటాపురము వద్ద అడవి ప్రవేశించిన పిమ్మట వచ్చెడి మజిలీల పేర్లు వినుడు: నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారము. ఒకటి చెరువు, ఒకటి బావి, ఒకటి కొలను. రెడ్డిరాజ్య స్థాపకుడగు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకు, అహోబిలమునకు సోపానములు కట్టించి పుణ్యము గడించెను. మెట్లు రాజులు కట్టించినవే కాని, మజిలీలను నిర్ణయించినది నీరు.

శ్రీశైలమున ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటియు, అష్టాదశ శక్తిపీఠములలో ఒకటియు ఒకే ప్రాకారములో వెలసినవి. ఏనుగుల బారులు, గుర్రములు, వేట దృశ్యములు చెక్కిన ఆ ప్రాకారపు గోడను తీరికగా చుట్టివచ్చుటకే ఒక పూట కావలెను. కొండపైన గుడి, ఎంతో లోతున కృష్ణ. ఇచ్చట కృష్ణకు పాతాళగంగ అని పేరు. నేడు రోప్‌వే ఉన్నది కాని, మెట్లమీద దిగి స్నానము చేసి తిరిగి ఎక్కినవానికి ఆ పేరు ఏల వచ్చినదో మోకాళ్లే చెప్పును. ఈ మెట్లను 14వ శతాబ్దాంతమున విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ కట్టించెను. శిఖరేశ్వరమునకు చేరువలో పాలధార పంచధార అను చోట రాతినుండి జలధారలు వెలువడుచుండును. శంకరులు అచ్చట తపస్సు చేసిరని పెద్దలు చెప్పుదురు.

1963లో జవాహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1980 దశకమున జలాశయము నిండుటతో కృష్ణాతీరమున అనేక గ్రామములు, ఆలయములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయము వంటి కొన్నింటిని రాయి రాయిగా విప్పి వేరుచోట తిరిగి కట్టిరి. కూడవెల్లి గుడి ఇప్పుడు తెలంగాణములోని ఆలంపురమున ఉన్నది. నంద్యాల జిల్లాలో సప్తనదీ సంగమమని పేరొందిన చోట ఉన్న సంగమేశ్వరుడు మాత్రము కదలలేదు. ఏటేట కొన్ని నెలలు ఆయన నీటి అడుగున ఉండును. జలాశయము తగ్గినప్పుడు గుడి బయటపడును, పూజలు జరుగును. అందలి లింగము వేపకొయ్యతో మలచినదని ప్రతీతి.

ఇక కొండల దక్షిణ భాగమునకు పోవుదము. అహోబిలము 108 దివ్యదేశములలో ఒకటి. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుడు, అచ్చటికి సుమారు 8 కిలోమీటర్ల దూరమున ఎగువ అహోబిలమున ఉగ్రనరసింహుడు వెలసినారు. చుట్టుపట్ల కొండలలో, గుహలలో నున్న మూర్తులతో కలిపి ఇది నవనారసింహ క్షేత్రము. ఎగువ అహోబిలమునుండి జ్వాలా నరసింహుని సన్నిధికి పోవు దారి భవనాశి ఏటిని పట్టుకొని సాగును. రాళ్లమీద కాలు ఆనించుకొనుచు, ఏటిని ఇటునటు దాటుచు పోవలెను. వానకాలమున కొండ కొననుండి పడు ధారలో తడిసియే స్వామిని చూడవలెను. దాపుననే రక్తకుండము ఉన్నది. హిరణ్యకశిపుని చీల్చిన పిదప స్వామి చేతులు కడిగికొన్నచోటు అదియేనని స్థలపురాణము.

ఈ ఉగ్రమూర్తిని శాంతింపజేసినది చెంచులక్ష్మి యట. అడవిలో పుట్టిన పిల్లను వలచి స్వామి పెండ్లాడెనని కథ. ఏటేట కనుమపండుగకు స్వామి పారువేటకు బయలుదేరి, నలువది దినములు దాటువరకు, ముప్పదికి పైబడిన గ్రామములలో పల్లకిపై తిరుగును. అత్తింటివారైన చెంచులను, చుట్టుపట్ల రైతులను తన పెండ్లికి తానే పిలుచుకొనును. పిమ్మట ఫాల్గుణమున బ్రహ్మోత్సవములు జరుగును. శ్రీశైల మల్లన్నను గూడ చెంచులు ‘చెంచు మల్లయ్య’ అని తమవానిగా చెప్పుకొందురు. ఏ వాగు ఏ నెలలో ఎండునో, ఏ చెలమలో వేసవిలో నీరుండునో ఎరిగినవారు వారు. వారితో చుట్టరికము కలుపుకొనక ఏ దేవుడు మాత్రము నల్లమలలో కాపురముండగలడు?

కొండలు దిగి మైదానము తాకెడి అంచున మహానంది ఉన్నది. నంద్యాల చుట్టునున్న నవనందులలో ఇది ముఖ్యము. ఇచ్చట లింగము అడుగునుండియే నీరు ఊరి, కోనేటిలో నిండి, బయటి గుండములలోనికి పారును. అడుగున వేసిన నాణెము పైకి కనబడునంత స్వచ్ఛమైన నీరు. చలికాలమున వెచ్చగాను, ఎండకాలమున చల్లగాను ఉండుట మహిమ యని భక్తులందురు. భూమి లోపలి పొరలలో వేడిమి ఏడాది పొడుగునను ఇంచుమించు ఒకే తీరుగా నుండును. గాలి మాత్రము ఋతువును బట్టి మారును. కావున మారినది మన ఒడలికి తగులు గాలియే, నీరు కాదు. మహానందీశ్వరుని తాకివచ్చిన నీరే కాలువలై పోయి చుట్టునున్న అరటితోటలను పెంచుచున్నది.

ఆత్మకూరు వైపు అడవిలో చారుఘోషిణి వాగు ఒడ్డున సరస్వతీదేవి కొలను భారతి అను పేర వెలసినది. ఇంకను లోపల గుండ్ల బ్రహ్మేశ్వరము ఉన్నది. ఆ ప్రాంతముననే గుండ్లకమ్మ ఏరు పుట్టును. అది కొండలు దాటి తూర్పుగా పోయి కంభము చెరువును నింపును. పిమ్మట సముద్రమున కలియును. అడవిలో శివునికి అభిషేకమైన నీరు పల్లెలో వరిపైరుకు అభిషేకమగుచున్నది.

ఈ అడవి 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014లో రాష్ట్రము విడివడిన పిదప కృష్ణకు ఆవలి భాగము తెలంగాణములో అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. శ్రీశైలము దారిలో రాత్రివేళ వాహనములను ఆపుట చూచి కొందరు యాత్రికులు విసుగుకొందురు. ఆ కొన్ని గంటలు అడవి మృగములవి. పగటి దారి మనకు ఉండనే ఉన్నది కదా!

భయపడవలసినది మృగములకు కాదు, మన అలవాట్లకు. ఉగాది నడక సాగెడి వేళకు ఆకు రాలి ఎండి యుండును. వంట ముగిసి ఆర్పక వదలిన పొయ్యి, పారవేసిన చుట్టపీక కొండకు కొండనే కాల్చగలవు. ఆకుల పరుపు కాలినచోట, చెట్లు పోయినచోట వాననీరు ఇంకదు. మన్ను కోసికొని ఒక్కసారిగా పారిపోవును. పిమ్మట ఊట సన్నగిల్లును. త్రాగి పారవేసిన ప్లాస్టిక్ సీసాలు, సంచులు వాగు మడుగులలో పేరుకొనుచున్నవి. వాటిలోని ఉప్పు, తీపి వాసనకు దుప్పులు సంచులను మ్రింగి చచ్చుటయు కద్దు.

కావున నల్లమల యాత్రకు పోవువారికి మేము చేయు మనవి చిన్నది. కార్తికమునుండి మాఘమువరకు వాతావరణము అనుకూలము. అహోబిలములో పై సన్నిధులకు తెల్లవారగనే బయలుదేరి, దారి తెలిసినవారిని వెంటబెట్టుకొని, చీకటిపడకముందే దిగవలెను. నీళ్లకు చెంబో సీసాయో ఇంటినుండి తీసికొనిపోయి తిరిగి ఇంటికే తెచ్చుకొనవలెను. కోనేటిలో సబ్బు వాడరాదు. అడవిలో పొయ్యి వెలిగింపరాదు. గుడిలో చేయి చాచి తీర్థము పుచ్చుకొనునప్పుడు ఒక్క చుక్క క్రింద పడకుండ ఎడమచేతి వస్త్రము అడ్డుపెట్టుట మన పెద్దలు నేర్పిన మర్యాద. ఆ మర్యాదనే గుడి వెలుపలి వాగునకు, దానిని పుట్టించిన కొండకు గూడ చూపుదము.