టెక్స్ట్ ఎడిటర్లలో కర్సర్ చలనం, స్క్రోలింగ్: తెలుగు లిపి దృష్ట్యా పరిశీలన

సంక్షిప్తిక: బాణం మీటను ఒకసారి నొక్కితే కర్సర్ ఎంత జరగాలన్నది, ఆ ఎడిటర్ దేన్ని అక్షరంగా లెక్కిస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కర్సర్ అడ్డు చలనం, నిలువు చలనం, స్క్రోలింగ్ జరిగే తీరును తెలుగు ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కర్సర్, యూనికోడ్, సంయుక్తాక్షరం, అక్షరగుచ్ఛం, స్క్రోలింగ్.

1. ఉపోద్ఘాతం
సిద్ధాంతవ్యాసాన్ని టైపు చేసేవారికి, ప్రాచీన పాఠాలను డిజిటల్ రూపంలో పరిష్కరించేవారికి రెండు ఇబ్బందులు పరిచితమే. సంయుక్తాక్షరం దగ్గర మీట నొక్కినా కర్సర్ కదలనట్లు కనిపించడం మొదటిది. కింది పంక్తికి దిగినప్పుడు అనుకోని చోట తేలడం రెండవది. ఈ రెండింటికీ మూలం లెక్కింపు పద్ధతిలోనే ఉంది.

2. అడ్డు చలనం
'రాష్ట్రం' అన్న పదాన్ని పరిశీలిద్దాం. యూనికోడ్‌లో ఇది ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న అనే 8 సంకేతాల వరుస. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి కనుక మొత్తం 24 బైట్లు. చదివేవారి కంటికి మాత్రం 'రా', 'ష్ట్రం' అనే రెండే అక్షరాలు.

చదువరి ఒక్క అక్షరంగా భావించే సంకేతాల సమూహాన్ని 'అక్షరగుచ్ఛం' అనవచ్చు. యూనికోడ్ పూర్వనియమం ప్రకారం పొల్లుతో గుచ్ఛం ముగిసేది. అందువల్ల ఈ పదం రా, ష్, ట్, రం అని నాలుగు ముక్కలయ్యేది. 2023లో వెలువడిన 15.1వ వెర్షన్ తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని ఒకే గుచ్ఛంగా పరిగణించింది. పాత నియమాన్ని పాటించే ఎడిటర్‌లో 'ష్' తరువాత కర్సర్ నిలిచినప్పుడు 'క' టైపు చేస్తే పదం 'రాష్కట్రం'గా మారిపోతుంది.

తొలగింపు తీరు వేరు. చాలా ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ చివరి సంకేతాన్ని మాత్రమే తీసివేస్తుంది. గుణింతం తప్పు పడితే అక్షరమంతా మళ్లీ టైపు చేయనక్కరలేకపోవడం ఇందులోని సౌలభ్యం.

3. నిలువు చలనం
పొడవైన పంక్తి నుండి పొట్టి పంక్తికి, అక్కడి నుండి మరో పొడవైన పంక్తికి దిగినప్పుడు కర్సర్ మొదటి స్థానానికి నేరుగా చేరాలి. ఇందుకోసం ఎడిటర్ బయలుదేరిన స్థానాన్ని గుర్తుంచుకుంటుంది. అడ్డంగా కదిలినప్పుడు గానీ, టైపు చేసినప్పుడు గానీ ఆ గుర్తు మారుతుంది.

అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉండే ఆంగ్ల ఫాంటులో ఆ స్థానానికి అక్షరసంఖ్య సరిపోతుంది. తెలుగులో 'ర', 'ఝ' వెడల్పులు సమానం కావు. సంఖ్యను బట్టి దిగితే కర్సర్ పక్కకు జరుగుతుంది. కనుక ఎడమ అంచు నుండి కొలిచిన దూరాన్ని గుర్తుంచుకోవడమే సరైన పద్ధతి.

తెర వెడల్పు చాలక మడతపడిన పంక్తుల విషయంలో మరో భేదం ఉంది. విమ్‌లో 'జె' మీట మడతలన్నీ దాటి తరువాతి అసలు పంక్తికి వెళుతుంది. 'జి', 'జె' వరుసగా నొక్కితే కంటికి కనిపించే తరువాతి పంక్తికి దిగుతుంది. ఈమాక్స్ 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుండి కనిపించే పంక్తినే ప్రమాణంగా తీసుకుంటున్నది.

4. స్క్రోలింగ్
విమ్, ఈమాక్స్‌లలో కర్సర్ ఎల్లప్పుడూ తెరలోనే ఉండాలి. స్క్రోల్ చేస్తే అంచున ఉన్న కర్సర్ కూడా జరుగుతుంది. వర్డ్ ప్రాసెసర్లలో కర్సర్ పాఠంలో తన చోటనే ఉంటుంది, తెర మాత్రమే కదులుతుంది. టైపు చేయగానే తెర తిరిగి కర్సర్ వద్దకు వస్తుంది. దూరంగా ఉన్న పేజీని చూస్తూ కర్సర్ అక్కడే ఉందనుకొని టైపు చేస్తే, కంటికి కనబడని చోట పాఠం మారుతుంది.

5. ముగింపు
పాఠపరిష్కరణకు ఎడిటర్‌ను ఎంచుకునే ముందు 'రాష్ట్రం' అని టైపు చేసి, పదం మొదటి నుండి చివరికి ఎన్ని నొక్కులలో చేరుతుందో చూడాలి. రెండు నొక్కులైతే అది సంయుక్తాక్షరాన్ని ఒకటిగా గుర్తిస్తున్నట్లు. అంతకు మించితే, దిద్దుబాటు సమయంలో అక్షరం మధ్యలో పాఠం చెడిపోయే అవకాశం ఉందని గ్రహించాలి.