మీకు తెలుసా? పాట ఆగాక వినిపించే సంగీతం

సినిమా సంగీతం అనగానే మన మాటలన్నీ పాటల చుట్టూనే తిరుగుతాయి. ఎన్ని పాటలు, ఎవరు రాశారు, ఎవరు పాడారు అనే దగ్గరే ఆగిపోతాం. పాటలు లేనప్పుడు కూడా తెర వెనుక ఒక సంగీతం నడుస్తూనే ఉంటుంది. పరిశ్రమలో దాన్ని రీరికార్డింగ్ అంటారు, కుర్రకారు బీజీఎం అంటారు. ఆ సంగీతానికి వీరాభిమానిగా నాదొక గట్టి అభిప్రాయం. స్వరకర్తను చివర్లో పిలిచి హడావుడిగా పని చేయించుకున్న దర్శకుడి కంటే, అతణ్ణి నమ్మి, అతని మాట విని చోటిచ్చిన దర్శకుడికే గొప్ప నేపథ్య సంగీతం దక్కుతుంది. ఈ కబుర్లన్నీ చదివాక మీరే చెప్పండి.

● మూకీల కాలంలోనే మొదలు

సినిమాకు మాటలు రాకముందే సంగీతం వచ్చింది. 1908లో ఫ్రాన్స్‌లో 'గైజ్ ప్రభువు హత్య' కథతో ఒక మూకీ తీశారు. దానికి ప్రత్యేకంగా సంగీతం కూర్చింది అప్పటికే జగద్విఖ్యాతుడైన కమీల్ సాన్‌సాన్స్. పేరున్న స్వరకర్త ఒక సినిమా కోసం కలం పట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

● కాంగ్ వెనుక ఆర్కెస్ట్రా

'కింగ్ కాంగ్' (1933)లో మనల్ని భయపెట్టిన ఆ మహా వానరం చాలా షాట్లలో అడుగున్నర ఎత్తు బొమ్మ. ఖర్చు తగ్గించుకోవాలని, పాత రికార్డింగులతోనే సర్దుకోమని స్టూడియో పెద్దలు అన్నారు. ఆ చిత్రానికి సారథి అయిన మెరియన్ కూపర్ ఒప్పుకోలేదు. ఆర్కెస్ట్రా ఖర్చు తానే భరిస్తానని స్వరకర్త మ్యాక్స్ స్టైనర్‌కు మాటిచ్చారు. స్టైనర్ ఎంత తెలివిగా ఆలోచించారో చూడండి. టైటిల్స్ అయిపోయాక న్యూయార్క్ సన్నివేశాల్లో సంగీతం ఉండదు. ఓడ పొగమంచులోంచి ద్వీపం వైపు సాగుతున్నప్పుడే వాద్యాలు మొదలవుతాయి. మామూలు లోకం దాటి మాయాలోకంలోకి వచ్చామని చెవికి ముందు తెలుస్తుంది. టాకీల్లో పూర్తి స్థాయి నేపథ్య సంగీతానికి ఈ సినిమాయే దారి వేసింది.

● ఫిల్ముకు చిల్లులు పెట్టి తాళం

హీరో తలుపు తట్టే క్షణానికే డ్రమ్ము దెబ్బ పడాలి. కంప్యూటర్లు లేని రోజుల్లో అదెలా కుదిరేది? ఫిల్ముకు లెక్క ప్రకారం చిల్లులు పెట్టేవారు. యంత్రంలో చిల్లు దాటిన ప్రతిసారీ 'టక్'మనే శబ్దం కండక్టర్ చెవిలోని హెడ్‌ఫోన్‌లో వినిపించేది. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి, 12 ఫ్రేములకొక చిల్లు పెడితే నిమిషానికి సరిగ్గా 120 దెబ్బలు పడతాయి. దీన్నే క్లిక్ ట్రాక్ అంటారు. చిల్లులు పోయినా పద్ధతి పోలేదు, నేటికీ రికార్డింగ్ స్టూడియోల్లో అదే పేరుతో సాగుతోంది.

● ప్రాణం కాపాడిన సినిమా

ఎరిక్ వుల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ వియన్నాలో బాలమేధావిగా పేరు తెచ్చుకున్న యూదు స్వరకర్త. 1938 ఆరంభంలో 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్‌హుడ్' కోసం హాలీవుడ్ నుంచి పిలుపొస్తే వెళ్లారు. అదే ఏడాది మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాయి. ఆ సినిమాయే తన ప్రాణం కాపాడిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ సంగీతానికి ఆస్కార్ కూడా వచ్చింది. సాహస చిత్రమంటే బూరలు మోగాలి, వయొలిన్లు ఉప్పొంగాలి అన్న సంప్రదాయానికి ఆయనే పెద్దదిక్కు. 'స్టార్ వార్స్' (1977) వినేటప్పుడు కోర్న్‌గోల్డ్‌ను తలుచుకోకుండా ఉండటం నా వల్ల కాదు.

● జుట్టు కత్తిరించుకోవడం వల్ల మిగిలిన పాట

స్వరకర్త మాట ప్రతిసారీ ఒప్పే అవుతుందా? కాదు. 'కాసాబ్లాంకా' (1942)లో కథకు కీలకమైన పాత పాట స్టైనర్‌కు నచ్చలేదు. దాన్ని తీసేసి తన బాణీ పెడతానన్నారు. అందుకు కొన్ని సన్నివేశాలు మళ్లీ తీయాలి. నాయిక ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అప్పటికే తర్వాతి సినిమా కోసం జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు! పాట అలాగే ఉండిపోయింది. ఇక్కడే స్టైనర్ పెద్దమనసు, పనితనం తెలుస్తాయి. నచ్చని ఆ బాణీనే తీసుకుని, ఒకచోట ప్రేమగా, ఒకచోట వేదనగా మలిచి సినిమా అంతటా అల్లారు.

● వద్దన్న చోట వయొలిన్లు

'సైకో' (1960)లో స్నానాల గది హత్య దృశ్యానికి సంగీతం వద్దని దర్శకుడు హిచ్‌కాక్ ముందే చెప్పారు. స్వరకర్త బెర్నార్డ్ హెర్మన్ అయినా రాశారు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నారు. ఆ సినిమా మొత్తానికి తీగ వాద్యాలు తప్ప మరేమీ లేవు. బూరల్లేవు, డ్రమ్ముల్లేవు. నలుపు తెలుపు బొమ్మకు ఒకే రంగు నాదం చాలన్నది హెర్మన్ ఆలోచన. ఆ కీచు స్వరాలు లేకుండా ఆ దృశ్యాన్ని ఒక్కసారి చూడండి, సగం భయం మాయమవుతుంది. అదే హిచ్‌కాక్ 'టోర్న్ కర్టెన్' (1966) సమయంలో హెర్మన్ రాసినదాన్ని పక్కన పెట్టేశారు. ఆ జంట మళ్లీ కలిసి పనిచేయలేదు. నష్టం ఇద్దరిదీ, మనదీ.

● తెర మీద చూశాకే తెలిసింది

ఎడిటింగ్ సమయంలో దర్శకులు తాత్కాలికంగా ఏదో ఒక పాత సంగీతం పెట్టుకుంటారు. దాన్ని టెంప్ ట్రాక్ అంటారు. వినగా వినగా అదే ఇష్టమైపోయే ప్రమాదం ఉంది. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968)కి జరిగింది అదే. అలెక్స్ నార్త్ కష్టపడి రాసి రికార్డు చేసిన సంగీతాన్ని స్టాన్లీ కూబ్రిక్ పూర్తిగా వదిలేసి, శాస్త్రీయ రచనలనే ఉంచారు. ఆ సంగతి నార్త్‌కు సినిమా చూశాకే తెలిసింది. తెర మీద కూబ్రిక్ ఎంపిక అద్భుతంగా కుదిరింది, ఒప్పుకుంటాను. కానీ ఒక కళాకారుడితో వ్యవహరించాల్సిన తీరు అది కాదు. చాలా ఏళ్ల తర్వాత, 1993లో నార్త్ మిత్రుడైన స్వరకర్త జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ సంగీతాన్ని కొత్తగా రికార్డు చేయించి లోకానికి వినిపించారు.

● షూటింగ్ కంటే ముందే సంగీతం

దర్శకుడు సెర్జియో లియోనే, స్వరకర్త ఎన్నియో మొరికోనే రోమ్‌లో ఒకే బడిలో చదువుకున్నవారు. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్' (1968)కి మొరికోనే ముందే బాణీలు కట్టేశారు. సెట్‌లో వాటిని వినిపిస్తూ చిత్రీకరించారు. నటుల నడక, కెమెరా కదలిక ఆ లయకు లోబడ్డాయి. నాకు తెలిసినంతలో దర్శకుడూ స్వరకర్తా కలిసి కన్న కలకు ఇంతకంటే చక్కని ఉదాహరణ లేదు. మొరికోనేకు 2007లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. పోటీలో నెగ్గిన ఆస్కార్ మాత్రం 2016లో, 87 ఏళ్ల వయసులో, 'ది హేట్‌ఫుల్ ఎయిట్'కు దక్కింది.

ఐస్‌లాండ్‌కు చెందిన హిల్డూర్ గుడ్నడోటిర్ కూడా 'జోకర్' (2019)కు స్క్రిప్టు చదివే కొంత సంగీతం రాశారు. బాత్‌రూమ్‌లో నాయకుడు నెమ్మదిగా నాట్యమాడే దృశ్యం ఆమె సెల్లో స్వరాలు వింటూ పుట్టిందే. ఆ సంగీతానికి ఆమెకు ఆస్కార్ వచ్చింది.

● అబద్ధం చెప్పని రెండు స్వరాలు

'జాస్' (1975) షూటింగ్‌లో యాంత్రిక సొరచేప ఉప్పునీటిలో మాటిమాటికీ మొరాయించేది. దాన్ని ఎక్కువగా చూపించే వీలు లేకపోయింది. ఆ లోటు తీర్చింది జాన్ విలియమ్స్ రాసిన రెండు స్వరాలు. మన లెక్కలో షడ్జమానికీ దాని పక్కనున్న శుద్ధ రిషభానికీ ఉన్నంత దూరమే వాటి మధ్య. తొలిసారి విన్నప్పుడు దర్శకుడు స్పీల్‌బర్గ్ వేళాకోళమనుకుని నవ్వేశారు. ఒక సూక్ష్మం గమనించండి: ఇద్దరు పిల్లలు అట్టముక్కతో సొర రెక్క చేసి జనాన్ని హడలగొట్టే దృశ్యంలో ఆ స్వరాలు వినిపించవు. నిజమైన సొర లేదు కాబట్టి! సంగీతం ప్రేక్షకుణ్ణి మోసం చేయకూడదన్న ఈ నిజాయితీ నాకు ప్రాణం.

● సంగీతానికి తగ్గట్టు ఎడిటింగ్

'ఇ.టి.' (1982) పతాక సన్నివేశాన్ని రికార్డు చేస్తుంటే, దృశ్యానికి సరిపోయేలా వాయిస్తే సంగీతంలో జీవం తగ్గుతోంది. అప్పుడు స్పీల్‌బర్గ్ తెర మీద బొమ్మ ఆపించి, కచేరీలో వాయించినట్టే స్వేచ్ఛగా వాయించమని విలియమ్స్‌తో అన్నారు. తర్వాత ఆ సంగీతానికి తగ్గట్టు సినిమాను సరిచేశారు. విజయాల శిఖరాన ఉన్న దర్శకుడు ఆర్కెస్ట్రా కోసం తన ఎడిటింగ్ మార్చుకున్నారు. నా దృష్టిలో ఆ ఏడాది ఆస్కార్‌లో విలియమ్స్ విజయం సగం అక్కడే ఖాయమైంది.

● ఏడుపు స్థానంలో వాద్యం

సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)కి పండిట్ రవిశంకర్ ఒక్క రాత్రిలో సంగీతం రికార్డు చేశారు. సమయం చాలక కొన్నిచోట్ల ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా సితార్ వాయించారు. కూతురు చనిపోయిన సంగతి తెలియని తండ్రి ఇంటికొచ్చి, ఆమెకు తెచ్చిన చీర తల్లి చేతికిస్తాడు. తల్లి గుండె పగిలి ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకు వినిపించదు, దాని స్థానంలో తార్ షెహనాయ్ ఆక్రోశిస్తుంది. భారతీయ సినిమాలో ఒక వాద్యాన్ని ఇంతకంటే గొప్పగా వాడిన సందర్భం మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

● మాటల్లేని మన వినోదం

సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' (1987)లో ఒక్క సంభాషణా లేదు. నవ్వు, జాలి, ప్రేమ అన్నీ నటుల ముఖాలు, శబ్దాలు, ఎల్. వైద్యనాథన్ సంగీతమే పలికించాలి. ఆయన ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసులు ఎల్. సుబ్రమణ్యం, ఎల్. శంకర్‌ల సోదరుడు. ఎక్కడ వాయించాలో తెలిసినంత చక్కగా ఎక్కడ ఆపాలో కూడా తెలిసిన సంగీతమది.

● ఇళయరాజా లెక్క

ఉత్తమ సంగీతానికి ఇళయరాజా అందుకున్న తొలి మూడు జాతీయ అవార్డుల్లో రెండు తెలుగు చిత్రాలకే: 'సాగర సంగమం', 'రుద్రవీణ'. 2009 చిత్రాల నుంచి నేపథ్య సంగీతానికి జాతీయ అవార్డు విడిగా ఇవ్వడం మళ్లీ మొదలుపెడితే, అది కూడా మలయాళ చిత్రం 'పళశ్శిరాజా'కు ఆయననే వరించింది. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన 'వేలియంట్' సింఫనీని వాయించింది. సన్నివేశం చూసి, హార్మోనియం కూడా ముట్టకుండా ఏ వాద్యానికి ఏ స్వరమో కాగితం మీద రాసిచ్చే స్వరకర్త ఆయన. సింఫనీ దాకా వెళ్లడం ఆ అలవాటుకు సహజమైన కొనసాగింపే.

● పాటకు ఆస్కార్, నేపథ్యానికి జాతీయ అవార్డు

'ఆర్ఆర్ఆర్' అనగానే లోకానికి 'నాటు నాటు' ఆస్కారే గుర్తు. అదే సినిమాకు కీరవాణి ఉత్తమ నేపథ్య సంగీతానికి జాతీయ అవార్డు అందుకున్నారన్నది మనలోనే చాలామందికి గుర్తుండదు. పాటకు పట్టం కట్టి నేపథ్యాన్ని మరిచిపోయే మన అలవాటుకు ఇంతకంటే రుజువేం కావాలి?

● ఈసారి ఇలా చేసి చూడండి

మీకిష్టమైన సినిమాలో ఒక సన్నివేశం ఎంచుకోండి. మొదట శబ్దం ఆపి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. మూడోసారి రెండూ కలిపి చూడండి. ఆ దృశ్యంలో స్వరకర్త వాటా ఎంతో మీకే తెలిసిపోతుంది.

నిర్మాతలకూ ఒక విన్నపం. సంగీత దర్శకుడి పేరుతో పాటు వయొలిన్, వేణువు, సెల్లో, తబలా వాయించిన ప్రతి ఒక్కరి పేరూ తెర మీద వేయండి. ప్రేక్షకుణ్ణి ఏడిపించిన చేతులు ఎవరివో తెలుసుకునే హక్కు ప్రేక్షకుడికి ఉంది. ఆ పేర్లు పడేదాకా సీటులోంచి లేవకుండా ఉండే బాధ్యత మనది.