బొమ్మ బతకాలంటే పొణికి మొలవాలి

కొండపల్లి: సంక్రాంతి మూడు రోజులూ ముందు గదిలో మెట్లు కట్టి బొమ్మలు కొలువు తీర్చడం కోస్తా జిల్లాల్లో ఆడపిల్లలున్న ఇళ్ల ఆనవాయితీ. కొందరు దసరాకు పెడతారు. మెట్లు మూడో, అయిదో, ఏడో - బేసి సంఖ్యలోనే వుండాలి. పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచిన బొమ్మలు ఏడాదికొకసారి బయటికొస్తాయి. అమ్మమ్మ కొన్నవి, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి, వాటి సరసన ఈ ఏటి కొత్త బొమ్మ. ఏటా ఒక్కటైనా చేర్చాలన్నది పెద్దల మాట.

మెట్ల మీద పెద్దల పెత్తనమైతే, కింద నేల మీద పిల్లలదే రాజ్యం. పళ్లెంలో మట్టి పోసి, వారం ముందే మెంతులో ఆవాలో చల్లి పచ్చని పొలం మొలిపిస్తారు. పగిలిన అద్దం ముక్క చెరువవుతుంది. అగ్గిపెట్టెలు ఇళ్లవుతాయి. ఇసుక పోస్తే బాట. ఆ పల్లెలో తిరగడానికి ఎద్దుబండి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, కావడి మోసేవాడు, హరిదాసు, గంగిరెద్దు కావాలి కదా! వీటన్నిటికీ పుట్టినిల్లు కొండపల్లి.

విజయవాడకు కూతవేటు దూరంలోని ఈ వూరు 2022లో జిల్లాల విభజన దాకా కృష్ణా జిల్లాలో వుండేది. ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో వున్నది. ఇక్కడి బొమ్మల కాలనీలో ఇంటి అరుగే కార్ఖానా. తమ పూర్వీకులు సుమారు 400 ఏళ్ల క్రితం రాజస్థాన్ నుంచి వచ్చారని ఇక్కడి ఆర్యక్షత్రియ కుటుంబాలవారు చెప్పుకుంటారు.

బొమ్మకు వాడేది తెల్ల పొణికి కర్ర. చేతిలో పట్టుకుంటే బెండులా తేలిక. ఉలి పెడితే మెత్తగా తెగుతుంది. పచ్చికర్ర పనికిరాదు. బాగా ఎండాలి, లోపలి చెమ్మ పోయేదాకా సన్నని సెగ చూపాలి. అంబారీ ఏనుగును ఒకే దుంగలో చెక్కుతారనుకుంటే పొరబాటే. ఒళ్లు, తొండం, చెవులు, పైన కూర్చునే మనుషులు - దేనికది విడిగా చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, మక్కుతో అతుకుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపితే అదే మక్కు. కళ్ల రెప్పలు, వేళ్ల కొసలు కూడా దానితోనే దిద్దుతారు. ఆరాక సున్నం పూత, ఆపైన రంగులు. చెక్కడం ఎక్కువగా మగవారి పని, రంగులద్దడం ఆడవారిది.

మెచ్చుకోళ్లకు ఈ బొమ్మలకేమీ లోటు లేదు. భౌగోళిక గుర్తింపు వున్నది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలోనూ కొండపల్లి పేరు వినిపించింది. లోటంతా కర్రకే. పొణికి కొండ అడవిలో పెరిగే చెట్టు. దగ్గరి కొండల్లో మానులు తరిగిపోయాయి. రక్షిత అడవిలో ఇష్టం వచ్చినట్టు నరకడానికి వీల్లేదు, వుండకూడదు కూడా. తెలంగాణలోని నిర్మల్ బొమ్మలకూ ఈ కర్రే కావాలి. మొక్కలు నాటే పని కొంత జరిగినా, నాటిన మొక్క ఉలికి అందాలంటే ఏళ్లు పడుతుంది. ఇంటికి అన్నం మాత్రం ఏ పూటకాపూట వుండాలి. కుర్రవాళ్లు నెల జీతం వచ్చే పనుల వైపు చూస్తున్నారంటే వారిని తప్పు పట్టలేం.

ఏటికొప్పాకలో కథ వేరు. అక్కడ అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులు పూస్తారు. అక్కడ ఆకులు, బెరళ్లు, గింజల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. చెట్టుతో ముడిపడిన పనికి చెట్టే పెట్టుబడి అన్నది అక్కడా ఇక్కడా ఒక్కటే.

కొనేవారికీ ఒక చిక్కున్నది. అచ్చులో పోసిన బొమ్మలు కొండపల్లి పేరుతో సంతల్లోకి వస్తున్నాయి. చేతిలోకి తీసుకుంటే కొంత తెలిసిపోతుంది. అచ్చుబొమ్మ బరువుగా వుంటుంది, నాలుగూ ఒకే ముఖంతో వుంటాయి. చెక్కిన బొమ్మల్లో ఏ రెండూ అచ్చంగా ఒకటిగా వుండవు. ధర ఎక్కువని బేరమాడే ముందు ఆ ఏనుగుకు ఎన్ని అతుకులున్నాయో ఒకసారి లెక్కపెడితే మంచిది.

కొలువు చివరి రాత్రి పేరంటం, హారతి, శనగల పంపకం అయ్యాక ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ఎత్తేస్తారు. పొణికి బొమ్మకు నీటి తడి, పురుగు రెండూ పడవు. పొడిగుడ్డతో తుడిచి, పాత నూలుగుడ్డలో చుట్టి, పెట్టెలో ఎండిన వేపాకు వేసి పెట్టాలి. చెయ్యో కాలో విరిగితే పారెయ్యనక్కరలేదు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి నూరి, ఆ ముద్దను నీళ్లలో ఉడికిస్తే జిగురు వస్తుంది. అందులో వడ్రంగి దగ్గరి రంపపు పొట్టు కలిపి అతికి, రెండు రోజులు నీడన ఆరబెడితే సరిపోతుంది.